తరిమేదాన్ని కాదు, పారిపోయేదాన్ని చూడండి

గినీ పిగ్స్ (పందులు కావు, ఎలుక జాతికి చెందిన చిన్న పెంపుడు జంతువులు) పెంచే మా చుట్టాలు నాకు ఫోన్ చేసేది ఎక్కువగా ఒకే టెన్షన్‌తో. పోయిన వారం గుణుపురం నుంచి మా పిన్ని కూతురు కూడా అదే అడిగింది. "అక్కా, రెండూ కొట్టుకుంటున్నాయి. వేరు చేసెయ్యనా?" వీడియో పంపమన్నాను. చూశాక వద్దని చెప్పాను.

అందులో ఉన్నది కొట్లాట కాదు. పెద్దది గొంతులోంచి గుర్రుమంటూ, నడుము అటూ ఇటూ ఊపుతూ చిన్నదాని చుట్టూ తిరుగుతోంది. వెనక వాసన చూస్తోంది, మీదికెక్కుతోంది, పిరుదులు నేలకు రాసి తన వాసన పూస్తోంది. ఇక్కడ పెద్దని నేనే అని చెప్పుకోవడం అది. చిన్నది కీచుమని అరిచి పక్కకు పరుగెత్తింది. అంటే సరేనని ఒప్పుకుంది. జత రెండూ మగవైనా, ఆడవైనా ఈ తంతు తప్పదు. ఆడవి పదిహేను, పదిహేడు రోజులకోసారి ఎదకు వస్తాయి. అప్పుడు గుర్రు పెరిగి, తర్వాత దానంతట అదే తగ్గుతుంది. మగవాటికి మూడో నెల నుంచి ఏడాది దాటేవరకూ దూకుడు ఎక్కువ. అదే గదిలో ఆడది ఉంటే ఇంకా ఎక్కువ.

భయపడాల్సిన గుర్తులు వేరే ఉన్నాయి. పళ్లు ఆపకుండా టకటకలాడించడం, మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, రెండూ తలలు పైకెత్తి ఎదురెదురుగా నిలబడిపోవడం. పళ్లన్నీ కనిపించేలా నోరు తెరిస్తే ఆవులింత అనుకుంటాం. ఇలాంటప్పుడు అది బెదిరింపు. ఒకటి తల దించితే అక్కడితో అయిపోతుంది. ఏదీ తగ్గకపోతే ఒకదాని మీద ఒకటి దూకి ఉండలా దొర్లుతాయి. అప్పుడు మాత్రం చేతులు పెట్టకండి, వేలిలో పళ్లు లోతుగా దిగుతాయి. మందపాటి తువ్వాలు వేయండి, లేదా మధ్యలో అట్టముక్క దూర్చండి. రక్తం కనిపిస్తే వేరు చేయాల్సిందే.

పర్లాకిమిడిలో మా ఇంట్లో రెండు మగవి ఉన్నాయి, జీడి, మినప. జీడిదే పెత్తనం. అది మినపని తరిమినప్పుడల్లా మా అత్తయ్య మనసు ఉండబట్టలేక "పాపం, దాన్ని వేరే పెట్టండమ్మా" అంటారు. ఆవిడ చూపు మినప మీదే ఉంటుంది, ఉండాల్సింది కూడా అక్కడే. అందరూ తరిమేదాని గురించే అడుగుతారు గానీ, అసలు సంగతి చెప్పేది పారిపోయేదే. అది గడ్డి దగ్గరికి మళ్లీ వస్తోందా? నీళ్లు తాగుతోందా? కాళ్లు చాపుకుని పడుకుంటోందా, లేక రోజంతా మూలకి ఒదిగి ఉంటోందా? ప్రతి ఆదివారం రెండింటినీ వంటింటి కాటా మీద తూస్తాను. వారంలో 50 గ్రాములకు మించి తగ్గితే తేలిగ్గా తీసుకోను. వీటి పేగులు ఆగకుండా పనిచేయాలి, ఒక్క రోజు తిండి మానేసినా ప్రమాదమే. విటమిన్ సి కూడా మనలాగే ఒంట్లో తయారు కాదు. జామముక్క, కొత్తిమీర పెత్తందారే లాగేసుకుంటే రెండోదానికి ఆ లోటు వస్తుంది. అందుకే మా దగ్గర గిన్నెలు రెండు, నీళ్ల సీసాలు రెండు, గరిక కూడా రెండు కుప్పలు, దూరదూరంగా.

నిజమైన కొట్లాటలు చాలావరకు మనం ఇచ్చే చోటు వల్లే వస్తాయని నా నమ్మకం. జతకి కనీసం 7.5 చదరపు అడుగుల నేల కావాలి, మగవైతే ఇంకా ఎక్కువ. షాపుల్లో అమ్మే చిన్న పంజరాల్లో పారిపోదామన్నా దారి ఉండదు. ఒకే తలుపున్న గూడు మరీ చెడ్డది, లోపల ఇరుక్కున్నది కరవక ఏం చేస్తుంది? అట్టపెట్టెకి రెండు వైపులా తలుపులు కోయండి చాలు. మా వైపు ఎండల్లో ఇంకో తగువు ఉంది. వేడి వీటికి అస్సలు పడదు, చల్లగా ఉన్న చోటు కోసం తోసుకుంటాయి. పాత బంగాళా పెంకులు తడిపి చెరో పక్క వేస్తే మావి చెరొకటి ఎక్కి పడుకుంటాయి.

చిన్న చిన్న తరుములాటలకే వేరు చేసి మళ్లీ కలిపితే, పెద్దరికం తగువు ప్రతిసారీ మొదటి నుంచీ మొదలవుతుంది. కొత్తదాన్ని తెస్తే మొదట రెండు వారాలు విడిగా ఉంచి, జబ్బేమీ లేదని చూసుకున్నాక రెండింటికీ పరిచయం లేని చోట కలపండి. హాల్లో దుప్పటి పరిచి మధ్యలో గరిక పోస్తే సరిపోతుంది.

ఇన్నాళ్లూ మెత్తగా ఉన్నది ఉన్నట్టుండి కరవడం మొదలుపెడితే ఎక్కడో నొప్పి ఉండొచ్చు. వయసు మళ్లిన ఆడది పదేపదే మీదికెక్కుతుంటే అండాశయంలో తిత్తులేమో చూపించాలి. మా ఊళ్లో పశువుల డాక్టరుగారు ఎక్కువగా ఆవుల్నీ మేకల్నీ చూస్తారు, అందుకే విశాఖలో చిన్న జంతువుల్ని చూసే డాక్టరు నంబరు ముందే రాసిపెట్టుకున్నాను. రక్తాలు కారేదాకా వచ్చి ఇక పొసగదని తేలిన జతకి కూడా ఒంటరితనం అక్కర్లేదు. మధ్యలో వల కట్టి పక్కపక్కన ఉంచితే ఒకదాన్నొకటి చూస్తూ, పలకరించుకుంటూ బతుకుతాయి.