గీతకు అటూ ఇటూ

ఒక కార్యక్రమాన్ని మూల్యాంకనం చేయడం అంటే లెక్కలు సేకరించి నివేదిక రాయడమే అనుకుని ఆ పనికి ఒప్పుకున్నాను. చదవడంలో వెనకబడిన పిల్లల కోసం బడి వదిలాక ప్రత్యేక తరగతులు నడిపే ప్రభుత్వ కార్యక్రమం అది. అప్పటికి రెండేళ్లుగా నడుస్తోంది. పొడిగించాలా, ఆపేయాలా అన్నది తేల్చుకోవడానికి బయటివాళ్ల పరిశీలన కావాలన్నారు. మా నలుగురికీ ఆరు నెలల గడువిచ్చారు.

ఒప్పంద పత్రంలో ఆరు గీటురాళ్లు రాసి ఉన్నాయి. అవసరానికి తగినదేనా, లక్ష్యం నెరవేరిందా, ఖర్చుకు తగిన ఫలితం ఉందా, దీర్ఘకాలిక ప్రభావం ఏమిటి, నిధులు ఆగాక నిలుస్తుందా అనే ఐదింటినీ అభివృద్ధి చెందిన దేశాల కూటమి ఓఈసీడీకి చెందిన అభివృద్ధి సహాయ కమిటీ 1991లో పెట్టింది. ఇతర కార్యక్రమాలతో పొందిక ఉందా అనే ఆరోదాన్ని 2019లో చేర్చింది. ఆరింటికీ ఆరు నెలల్లో జవాబు చెప్పాలట. రెండేళ్ల కార్యక్రమానికి దీర్ఘకాలిక ప్రభావం ఎక్కడినుంచి తెస్తాం? బేరమాడి రెండింటికి కుదించాం. ఈ బేరం మొదటి వారంలోనే ఆడాలి. తరవాత అడిగితే సాకులు వెతుకుతున్నామంటారు.

శాఖవాళ్లు మా చేతిలో పెట్టిన పట్టిక చూడముచ్చటగా ఉంది. ఎన్ని తరగతులు జరిగాయి, ఎంతమందికి శిక్షణ ఇచ్చారు, ఎన్ని పుస్తకాలు పంచారు, నిధుల్లో ఎంత ఖర్చయింది... అన్నీ లక్ష్యాన్ని తాకాయి, కొన్ని దాటాయి కూడా. పిల్లలకు చదవడం వచ్చిందా అన్న గడి మాత్రం అందులో లేదు. అందుకని శాఖ సిబ్బందిని కూర్చోబెట్టి బోర్డు మీద ఒక గొలుసు గీశాం: నిధులు, టీచర్లు, తరగతులు, పిల్లల హాజరు, చదవగలగడం. ఒక్కో లంకె దగ్గర ఆగి, ఇక్కడినుంచి అక్కడికి ఎలా వెళ్తామని అడిగాం. హాజరు దగ్గర గొలుసు తెగింది. బడి వదిలాక ఇంటికి పరుగెత్తి చెల్లెళ్లనూ తమ్ముళ్లనూ చూసుకోవలసిన పిల్లలే చాలా చోట్ల చదువులో వెనకబడినవాళ్లు. వాళ్లు సాయంత్రం ఎలా ఆగుతారని ఎవరూ అనుకోలేదు.

"అయినా మార్కులు పెరిగాయి కదండీ" అన్నారు కార్యక్రమం చూసే అధికారిణి. నిజమే, పెరిగాయి. నేనూ అక్కడే బోల్తా పడబోయాను. ఒక ఏడాది మార్కులు మరీ తక్కువ వచ్చిన బడులనే కార్యక్రమానికి ఎంచుకున్నారు. పరీక్షలప్పుడు జ్వరాలు ముసిరినా, టీచరు సెలవులో ఉన్నా ఆ ఏడాది మార్కులు పడిపోతాయి. మరుసటి ఏడాది ఎవరూ ఏమీ చేయకపోయినా కొంత పైకి లేస్తాయి. గోతిలో పడినవాడు ఎటు కదిలినా పైకే కదా.

దీనికి పాఠ్యపుస్తకాల్లో చెప్పే ఉదాహరణ ఒకటుంది. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో 1955లో రోడ్డు ప్రమాదాల్లో 324 మంది చనిపోయారు. గవర్నరు అతివేగం మీద విరుచుకుపడి లైసెన్సులు సస్పెండ్ చేయించారు. 1956లో మరణాలు 284కు తగ్గాయి, ఘనత గవర్నరుకు దక్కింది. డొనాల్డ్ క్యాంప్‌బెల్, లారెన్స్ రాస్ అనే పరిశోధకులు పాత సంవత్సరాల అంకెలు, పొరుగు రాష్ట్రాల అంకెలు పక్కన పెట్టి చూసి 1968లో వ్యాసం రాశారు. 1955 అసలే అసాధారణంగా చెడ్డ ఏడాది. ఆ తగ్గుదలలో ఎంత భాగం గవర్నరు చలవో చెప్పడం అంత తేలిక కాదని తేలింది. ఇది విని అధికారిణి ఒక నిమిషం మౌనంగా ఉండి, "అయితే మేం చేసినదంతా వృథా అంటారా?" అన్నారు. అనడం లేదు. కార్యక్రమం లేకపోయి ఉంటే ఏమయ్యేదో తెలిస్తే తప్ప అవునని గానీ కాదని గానీ అనలేం.

లేనిదాన్ని ఎలా చూస్తాం? దారి చూపింది ఎంపిక జాబితానే. బడులను మార్కుల వరుసలో పేర్చి, ఒక చోట గీత గీసి, కిందివాటిని తీసుకున్నారు. గీతకు కాస్త కింద ఉన్న బడికీ కాస్త పైన ఉన్న బడికీ తేడా ఒకటి రెండు మార్కులే. ఒకదానికి కార్యక్రమం అందింది, రెండోదానికి అందలేదు. ఈ రెండు రకాల బడులనూ ఇప్పుడు పోల్చి చూడాలి. అదే క్యాంప్‌బెల్, థిసిల్‌త్‌వెయిట్ అనే మరో పరిశోధకుడితో కలిసి 1960లో ప్రతిభా పురస్కారాల ప్రభావం చూడడానికి వాడిన పద్ధతి ఇది. ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు.

తెల్లవారాక జాబితా మళ్లీ చూస్తే గీతకు పైన ఉన్న బడులు కొన్ని కార్యక్రమంలో కనిపించాయి. వాటి పక్కన పెన్సిలుతో చిన్న టిక్కులు. సిఫారసులు! ఆ బడులను తీసేస్తే పోలిక ఇంకా చెడుతుంది. అడిగి తెచ్చుకున్న బడికి పట్టుదల గల ప్రధానోపాధ్యాయుడు ఉండి ఉంటాడు. తలపట్టుకుని, చివరికి వాటిని గీతకు పైన ఉన్న బడులుగానే లెక్కలో ఉంచి, తేడాను అందుకు తగ్గట్టు సరిచేశాం.

పరీక్ష మేమే పెట్టాం, మార్కుల్ని నమ్మలేదు. పిల్లలు ఒక్కొక్కరుగా వచ్చి చిన్న కథ పైకి చదవాలి. మూడో రోజున ఒక పాప గడగడా చదువుతోంది. నా పక్కనున్న సర్వేయరు మంచి మార్కు వేయబోతున్నాడు. అప్పుడు చూశాను, పాప వేలు రెండో వరుసలో ఉంది, గొంతు నాలుగో వరుసలో ఉంది. కథ ముందే బయటికి పొక్కి, ఎవరో కంఠస్థం చేయించారు. మరో కాగితం ఇచ్చాం. మొదటి మాట దగ్గరే ఆగిపోయి, తప్పు తనదే అన్నట్టు నా వంక చూసింది. నిర్ణయాలు ఒక అంకె మీద ఎంత ఆధారపడితే ఆ అంకె అంత చెడిపోతుందని అదే క్యాంప్‌బెల్ 1970ల్లో అన్నాడు. అప్పటిదాకా చేసినవన్నీ పక్కన పడేసి, నాలుగు రకాల కథలతో మళ్లీ మొదలుపెట్టాం. పది రోజులు పోయాయి.

తల్లిదండ్రుల సర్వేలో నలభై నిమిషాలు పట్టే ప్రశ్నావళిని ఒక సర్వేయరు ఏడు నిమిషాల్లో ముగించినట్టు ట్యాబ్ గడియారం చెప్పింది. ఆ ఇళ్లకు మళ్లీ వెళ్లాం. రెండు ఇళ్లలో ఆయన్ని చూసినవాళ్లే లేరు.

ఫలితం చప్పగా వచ్చింది. శాఖ చూపిన పెరుగుదలలో చాలా భాగం గీతకు పైన, కార్యక్రమం లేని బడుల్లోనూ ఉంది. మిగిలిన కొంచెం మాత్రం నిజం. అదీ పిల్లలు సాయంత్రం నిలకడగా ఆగిన బడుల్లోనే. గీతకు దూరంగా, అట్టడుగున ఉన్న బడుల గురించి మా పద్ధతి ఏమీ చెప్పలేదని కూడా నివేదికలో రాశాం. సమావేశంలో పెద్ద అధికారి, "ఒక్క ముక్కలో చెప్పండి, మంచిదా కాదా?" అన్నారు. ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. తరగతుల్ని బడి వేళల్లోకి మార్చి మరికొన్నాళ్లు నడపాలని నిర్ణయించారు.

వచ్చే విడతలో అన్ని బడులకూ ఒకేసారి ఇచ్చే డబ్బు ఎలాగూ లేదు. ఎవరికి ముందో చీటీలు వేసి తేల్చమన్నాను. మెక్సికోలో పేద కుటుంబాలకు నగదు సాయం అందించడానికి 1997లో మొదలైన ప్రోగ్రెసా పథకం పరిశీలన కోసం 506 ఊళ్లు తీసుకుని, 320 ఊళ్లకు ముందు, మిగతా 186 ఊళ్లకు తరవాత ఇచ్చేలా యాదృచ్ఛికంగా విడదీశారని చెప్పాను. "చీటీలా? పేద బడులతో జూదమా?" అన్నారొకరు. పెన్సిలు టిక్కుల కాగితం ఇంకా బల్ల మీదే ఉంది. అధికారిణి దాన్ని తిరగేసి పెట్టి, "చీటీలే వేద్దాం" అన్నారు. డబ్బాలో చెయ్యి పెట్టేది ఎవరో తేల్చడానికి మరో సమావేశం వేశారు.