ఎడమ చెప్పు ఎందుకు అరిగిందంటే

మా తెనాలిలో చెప్పులు కుట్టే ఆయన అడిగేదాకా నేను పట్టించుకోలేదు. "టీచరమ్మా, పోయినసారీ ఎడమదే తెచ్చారు, చూడండి మడమ దగ్గర బయటంచు ఎట్టా కోసుకుపోయిందో, కాలేమన్నా నొప్పా" అన్నాడు. నొప్పే, ఏడాది నుంచీ. పొద్దున లేవగానే మోకాలు పట్టేసేది, పది నిమిషాలు అటూ ఇటూ తిరిగితే వదిలేది, మెట్లు దిగేటప్పుడు కలుక్కుమనేది. 54 ఏళ్ళొచ్చాయి, 27 ఏళ్ళుగా నిలబడి పాఠాలు చెప్తున్నా, మామూలేలే అనుకున్నా.

మొదట చూపించుకున్న చోట పడుకోబెట్టి ఎక్స్‌రే తీసి మోకాలి ఎముకల మధ్య గ్యాప్ బానే ఉంది అన్నారు, నొప్పి బిళ్ళలు రాసారు, మూణ్ణెల్లు మింగితే కడుపులో మంట పట్టుకుంది గానీ మోకాలు అట్టాగే ఉంది. ఆ మూణ్ణెల్లు తల్చుకుంటే ఇప్పటికీ కోపమొస్తుంది నాకు. గుంటూరులో ఇంకో డాక్టరు గారు నిలబెట్టి తీయించారు, నిలబడితేనే మోకాలి మీద బరువు పడి అరుగుదల ఎంతో తెలుస్తుందట. లోపలివైపు సందు చాలావరకు పోయింది, బయటివైపు బానే ఉంది. గ్రేడ్ 3, అంటే అరుగుదల నాలుగు దశల్లో మూడోది.

ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గర అసలు సంగతి తెలిసింది. చెప్పుల్లేకుండా ఒక పలక మీద నడిపించింది, కంప్యూటర్లో నా అరికాళ్ళు రంగుల్లో వచ్చాయి, ఎడమ పాదం మడమ బయటివైపు నుంచి చిటికెనవేలి దాకా ఎర్రగా ఉంది, బొటనవేలి మొదట్లో మటుకు లేత నీలం, అంటే అక్కడ బరువే ఆనట్లేదు. మామూలు మోకాల్లో కూడా నడిచేటప్పుడు బరువు సగానికి పైగా లోపలివైపే పడుద్ది ఆంటీ, అక్కడ గుజ్జు అరిగేకొద్దీ కాలు దొడ్డికాలు అవుద్ది, దొడ్డికాలు అయ్యేకొద్దీ మోకాల్లో బరువు ఇంకా లోపలికే పోద్ది, మీ పాదం మటుకు బయటంచు మీద ఆనుతుంది, చెప్పు అరిగింది అందుకే అని చెప్పింది. అందరికీ నాలాగే ఉండదంట, కొంతమందికి పాదం లోపలికి వాలిపోద్దంట. కుడి మడమ కూడా ఎర్రగానే ఉంది, నొప్పి కాలిని నేల మీద ఎక్కువసేపు ఉంచలేక గబుక్కున కుడికాలి మీదకి వచ్చేస్తున్నా కదా, ఆర్నెల్లుగా కుడి మడమ ఎందుకు నొస్తుందో అప్పుడర్థమైంది. ఇంటికొచ్చి తడికాళ్ళతో గచ్చు మీద నడిచి చూసుకున్నా, ఎడమ అడుగు సన్నగా బయటంచు మటుకే పడింది, ఏడుపొచ్చింది.

తర్వాత చేసినవి పెద్ద గొప్పవేం కాదు, కానీ రోజూ చేసా. మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి తొడ బిగించి నొక్కడం, కాలు చాపి పైకెత్తి పట్టుకోవడం, పొద్దున సాయంత్రం. తొడ కండ గట్టిగుంటే మోకాలికి ఆసరా. చేతికర్ర నొప్పి ఉన్న వైపే పట్టుకోవాలనుకునేదాన్ని, కాదు, ఎడమ మోకాలు నొప్పయితే కర్ర కుడి చేతిలో ఉండాలి, ఇది మటుకు తెలిసినవాళ్ళందరికీ చెప్తున్నా. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. కింద కూర్చుని కూరలు తరగడం మానేసా. 78 కేజీలున్నదాన్ని ఎనిమిది నెలల్లో 71కి వచ్చా, ఒక్క కేజీ తగ్గితే ప్రతి అడుక్కీ మోకాలి మీద దాదాపు నాలుగు కేజీల భారం తగ్గుద్దని ఆ అమ్మాయి చెప్పిన మాటే రాత్రిపూట అన్నం దగ్గర నన్ను ఆపింది.

అరిగిన గుజ్జు తిరిగి రాదు, అది నాకు తెలుసు. వ్రతాలకి పీట మీద కూర్చోలేను, కుర్చీ వేసుకుంటా, మొదట్లో సిగ్గేసేది ఇప్పుడు లేదు. టెన్త్ క్లాసు పై అంతస్తులో, 22 మెట్లు, పోయినేడాది హెచ్చెమ్ గారిని బతిమాలి కింద గదికి మార్పించుకున్నా. ఈ జూన్ నుంచి మళ్ళీ పైనే, రోజుకి ఒక్కసారి ఎక్కుతున్నా, రెయిలింగ్ పట్టుకునే.