ప్లగ్గు చుట్లకి గ్రీజు రాయాలా, వద్దా: మా స్విఫ్ట్ పని

శనివారం సాయంత్రం
మా పెట్రోలు స్విఫ్ట్‌కి స్పార్క్ ప్లగ్గులు (ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించేవి) మార్చి దాదాపు 40 వేల కిలోమీటర్లయింది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే కాసేపు మిస్సింగ్ కొడుతోంది, అంటే ఇంజన్ తడబడుతోంది. ఎన్‌జీకే కంపెనీ కొత్త ప్లగ్గులు నాలుగు తెచ్చాను. షాపు దగ్గర ఒక మెకానిక్ "చుట్లకి యాంటీ సీజ్ రాయండి సార్, లేకపోతే పట్టేస్తాయి" అన్నాడు. చుట్లంటే ప్లగ్గుని హెడ్‌లోకి బిగించే మరలు; యాంటీ సీజ్ అంటే అవి పట్టేయకుండా రాసే, లోహపు పొడి కలిపిన గ్రీజు. ఎన్‌జీకే వాళ్లు మాత్రం వద్దనే చెబుతారు. చుట్ల మీద మెరిసే లోహపు పూత అందుకే ఉంది, అదే పట్టేయకుండా కాపాడుతుంది. పూత లేకుండా నల్లగా ఉండే ప్లగ్గుల సంగతి వేరు.

ఆదివారం పొద్దున
బండి రాత్రంతా ఆగి ఉంది. హెడ్ (ప్లగ్గులు బిగించే ఇంజన్ పైభాగం) అల్యూమినియంది, వేడి మీద ప్లగ్గు తీస్తే దాని చుట్లు దెబ్బతినొచ్చు. 10 ఎంఎం బోల్టులు విప్పి, ప్లగ్గులకి కరెంటు ఇచ్చే కాయిల్స్ తీశాను. ప్లగ్గుల గుంటల్లో దుమ్ము సిలిండర్‌లో పడకుండా ముందు సైకిల్ పంపుతో గాలి కొట్టాను. తర్వాత 16 ఎంఎం సాకెట్.

రెండు సులువుగా వచ్చాయి. మూడోది పావు తిప్పు తిరిగి ఆగిపోయింది. బలవంతం చేయలేదు. కాస్త బిగించి, మళ్లీ వదులు చేసి, అలా పది నిమిషాలకు బయటికొచ్చింది. చుట్ల నిండా బూడిద రంగు ముద్ద! పోయినసారి పని చేసినవాళ్లు రాసిన యాంటీ సీజ్. వాషర్ కాగితంలా నలిగిపోయి ఉంది. కారణం ఇదే: చుట్లు జారుతుంటే రెంచ్ అంతే బలం చూపిస్తుంది, లోపల బిగువు మాత్రం ఎక్కువైపోతుంది. ప్లగ్గు మెడ సాగుతుంది, తీసేటప్పుడు విరిగినా విరగొచ్చు. పైగా ఆ ముద్దలో లోహపు పొడి ఉంటుంది. అది పింగాణీకి గానీ ఎలక్ట్రోడ్‌కి గానీ అంటితే కరెంటు పక్కదారి పడుతుంది.

హెడ్ చుట్లని పొడి గుడ్డతో తుడిచాను. కొత్త ప్లగ్గుని రబ్బరు గొట్టం ముక్కకి తగిలించి వేళ్లతోనే తిప్పాను. అడ్డంగా ఎక్కితే గొట్టమే జారిపోతుంది, చుట్లు బతుకుతాయి. వాషర్ కూర్చున్నాక టార్క్ రెంచ్‌తో (బిగించే బలం కొలిచే పానా) 25 న్యూటన్ మీటర్లు. రెంచ్ లేనివాళ్లు కొత్త ప్లగ్గుని అక్కడి నుంచి అర తిప్పు, మహా అయితే మూడింట రెండు వంతులు తిప్పితే చాలు.

గ్రీజు ఒక్కచోటే వాడాను. కాయిల్ రబ్బరు బూటు అంచు లోపల డైఎలక్ట్రిక్ (కరెంటు పారనివ్వని) సిలికాన్ గ్రీజు, పప్పుగింజంత. లోపలి స్ప్రింగుకి తగలనివ్వలేదు. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బుతుంది.

బుధవారం
120 కిలోమీటర్లు తిరిగాను. పొద్దున స్టార్టింగ్‌లో మిస్సింగ్ లేదు, ఏసీ వేసినా ఐడిల్ నిలకడగా ఉంది. మీటరు రీడింగు, తేదీ, "చుట్లు పొడిగానే" అన్న మాట బానెట్ లోపల స్టిక్కర్ మీద రాసి అంటించాను, ఈసారి ఎవరు విప్పినా కనబడేలా.