పీరియడ్‌కు 250 రూపాయలు: పార్ట్ టైం జీతం న్యాయమైనదో కాదో తేల్చడం ఎలా?

కామర్స్‌లో పీజీ పూర్తిచేసి, లెక్చరర్ ఉద్యోగానికి రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష అయిన సెట్‌లో కూడా అర్హత సాధించిన నా పూర్వ విద్యార్థిని ఒకరిని మా జిల్లాలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ వారు పార్ట్ టైం లెక్చరర్‌గా రమ్మన్నారు. వారానికి పన్నెండు పీరియడ్లు, పీరియడ్‌కు 250 రూపాయలు, వెరసి నెలకు 12 వేలు అని కరస్పాండెంట్ గారు చెప్పారట. "ఫుల్ టైం వాళ్లకే 22 వేలు ఇస్తున్నారు మేడమ్. వాళ్లు వారానికి ఇరవై పీరియడ్లు చెబుతారు. నాకు పన్నెండుకి పన్నెండు వేలంటే సరిగ్గానే ఉన్నట్టు కదా?" అని ఆ అమ్మాయి నన్ను అడిగింది. పైకి చూస్తే ఆమె మాటలో తప్పు కనిపించదు. పీరియడ్లతో భాగిస్తే ఫుల్ టైం వారికి పడేది పీరియడ్‌కు 275, ఈమెకు 250. పెద్ద తేడా ఏమీ లేదనిపిస్తుంది. అయితే ఈ లెక్కలో రెండు జీతాలనూ నెల అనే ఒకే కొలతతో కొలుస్తున్నాం. ఒకరికి నెల అంటే క్యాలెండర్‌లోని నెల. మరొకరికి నెల అంటే కాలేజీలో పాఠాలు జరిగిన రోజులు మాత్రమే.

అందుకే పార్ట్ టైం జీతాన్ని ఎప్పుడైనా సంవత్సరం మొత్తానికి వేసి చూడాలన్నది నా అభిప్రాయం. విశ్వవిద్యాలయ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం ఏడాదిలో పాఠాలు జరగవలసిన రోజులు 180, అంటే ముప్పై వారాలు. ప్రైవేటు కాలేజీల్లో సెమిస్టర్ పరీక్షలు, బతుకమ్మ-దసరా సెలవులు, సంక్రాంతి, ప్రాక్టికల్స్, ఎన్నికల డ్యూటీ కోసం భవనం అప్పగించిన రోజులు అన్నీ తీసేస్తే ఈ ముప్పై వారాలు పూర్తిగా దక్కడం కూడా గొప్పే. వారానికి పన్నెండు చొప్పున ముప్పై వారాలకు 360 పీరియడ్లు, వాటికి 90 వేల రూపాయలు. దీన్ని పన్నెండు నెలలకు పంచితే నెలకు 7,500 వస్తుంది. కరస్పాండెంట్ గారు చెప్పిన 12 వేలు అబద్ధం కాదు గానీ, అది సెలవులు లేని నెలలో మాత్రమే చేతికి వచ్చే మొత్తం. అద్దె, పాలు, గ్యాస్ బండ మాత్రం దసరా నెలలోనూ ఖర్చవుతూనే ఉంటాయి.

ఫుల్ టైం వారి జీతాన్ని కూడా అలాగే వేసి చూద్దాం. నెలకు 22 వేల చొప్పున పన్నెండు నెలలకు 2,64,000. వారు చెప్పే పీరియడ్లు వారానికి ఇరవై చొప్పున ఏడాదికి 600. భాగిస్తే పీరియడ్‌కు 440 రూపాయలు పడుతుంది. "వాళ్లు పాఠం ఒక్కటే చెప్పరు కదా" అని యాజమాన్యం అనవచ్చు, అది న్యాయమైన అభ్యంతరమే. అడ్మిషన్ల సీజన్‌లో ఎండలో ఊళ్లు తిరిగి ఇంటర్ పాసైన పిల్లల ఇళ్ల తలుపులు తట్టడం, కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వస్తుందంటే ఫైళ్లు తయారుచేయడం, స్కాలర్‌షిప్ దరఖాస్తులు పరిశీలించడం వంటి పనులన్నీ ఫుల్ టైం వారి నెత్తిమీదే పడతాయి. ఆ పనులకు వారి సమయంలో పావు వంతు పోతుందని ఉదారంగా ఒప్పుకుని 440లో నాలుగో వంతు తీసేసినా, పాఠానికి మిగిలేది 330. అంటే అదే కాలేజీలో, అదే పుస్తకం, అదే తరగతి పిల్లలకు చెప్పినందుకు ఒకరికి 330, మరొకరికి 250. పార్ట్ టైం అన్న ఒక్క కారణంతోనే ఈ 80 రూపాయలు తగ్గుతున్నాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1994లో చేసిన పార్ట్ టైం పని ఒడంబడిక సరిగ్గా దీన్నే కూడదంటుంది: తక్కువ గంటలు చేస్తే మొత్తం తగ్గవచ్చు గానీ, గంటకు పడే ధర ఆ కారణంగా తగ్గకూడదు. భారతదేశం ఆ ఒడంబడికను ఆమోదించలేదు కాబట్టి అది మనకు చట్టం కాదు. అయినా కొలబద్దగా వాడుకోవడానికి అభ్యంతరమేమీ లేదు.

నన్నడిగితే పార్ట్ టైం వారికి గంట ధర ఫుల్ టైం వారితో సమానంగా ఉంటే కూడా చాలదు, కొంచెం ఎక్కువే ఉండాలి. జీతంతో కూడిన సెలవు ఉండదు, పీఎఫ్ సాధారణంగా కట్టరు, వచ్చే సెమిస్టర్‌లో ఆ పేపర్ ఎత్తేస్తే పని కూడా ఉండదు. ఇవన్నీ లేకపోవడానికి ఏదో ఒక ధర ఉండాలి కదా. చదువు కోసం ఆస్ట్రేలియా వెళ్లి దుకాణాల్లోనో రెస్టారెంట్లలోనో క్యాజువల్‌గా పనిచేస్తున్న మన పిల్లలను అడిగి చూడండి. అక్కడ సెలవుల వంటి హక్కులు లేని క్యాజువల్ ఉద్యోగికి మామూలు గంట ధర మీద సాధారణంగా 25 శాతం కలిపి ఇస్తారు. మన దగ్గర అదే లోటును చూపించి దాదాపు 25 శాతం కోస్తారు.

ఇక గంట అంటే ఏమిటన్న ప్రశ్న. పీరియడ్ గంటకు డబ్బిస్తున్నారు, కానీ ఆ గంటను నిలబెట్టడానికి ఎన్ని గంటలు పడతాయి? దీనికి ఎవరి అనుభవాన్నో ఆధారం చేసుకోనక్కరలేదు. యూజీసీ నిబంధనల్లోనే సమాధానం ఉంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 40 గంటలు పనిచేయాలని, అందులో తరగతి బోధన 16 గంటలని అవే 2018 నిబంధనలు చెబుతున్నాయి. 40ని 16తో భాగిస్తే రెండున్నర. ఒక గంట పాఠం వెనుక మరో గంటన్నర పని ఉంటుందని ప్రభుత్వ యంత్రాంగమే అంగీకరించిన నిష్పత్తి ఇది. అదే యూజీసీ 2019 జనవరిలో గెస్ట్ ఫ్యాకల్టీకి లెక్చరుకు 1,500 రూపాయలు, నెలకు 50 వేలు మించకుండా ఇవ్వవచ్చని మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ 1,500ను రెండున్నరతో భాగిస్తే అసలు గంటకు 600. ఇక కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ సంగతి చూడండి. ఏడో వేతన సంఘం స్కేలులో మూలవేతనం 57,700. 2024 జనవరి నుంచి వర్తించిన 50 శాతం కేంద్ర కరువు భత్యం, హైదరాబాద్ వంటి నగరానికి 30 శాతం ఇంటి అద్దె భత్యం కలిపితే 1,03,860. నెలకు సుమారు 173 పని గంటలతో భాగిస్తే అదీ దాదాపు 600 దగ్గరే తేలుతుంది. ఇంత చక్కగా కలవడం కాకతాళీయమేమో తెలియదు గానీ, 1,500 అన్న అంకె గాలిలోంచి వచ్చింది కాదని మాత్రం దీన్నిబట్టి నమ్మవచ్చు. తెలంగాణ ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో 2024-25లో గెస్ట్ లెక్చరర్లకు పీరియడ్‌కు 390 చొప్పున నెలకు 72 పీరియడ్ల వరకు, అంటే గరిష్ఠంగా 28,080 రూపాయలు ఇచ్చారు. యూజీసీ పరిధి వేరు, ఇంటర్ బోర్డు పరిధి వేరు; అయినా ప్రభుత్వమే ఇస్తున్న ధరలో ఇంత దూరం ఉండడం ఆలోచించవలసిన విషయమే.

ఈ అమ్మాయి విషయంలో ఈ రెండున్నర కూడా సరిపోలేదు. ఆమెకు చూపించిన టైం టేబుల్‌ను ఫోన్‌లో ఫోటో తీసి పంపింది. ఆరు రోజులూ వెళ్లాలి. ప్రతిరోజూ రెండే పీరియడ్లు, రెండింటి మధ్య రెండు గంటల ఖాళీ. ఆ ఖాళీలో స్టాఫ్ రూమ్‌లో కూర్చోవలసిందే, ఎవరైనా లెక్చరర్ రాకపోతే "కాస్త ఆ క్లాసు చూసుకోండి మేడమ్" అని పంపడం మామూలే. వారానికి పన్నెండు గంటల పాఠం, పన్నెండు గంటల ఖాళీ. నోట్సు తయారీకి, ఇంటర్నల్ పేపర్లు దిద్దడానికి పాఠానికి ఒకటికి ఒకటి చొప్పున మరో పన్నెండు, అంటే యూజీసీ లెక్క కన్నా తక్కువే వేశాను. బస్సు ప్రయాణం రోజుకు రెండు గంటల చొప్పున ఇంకో పన్నెండు. వెరసి 48 గంటలు. వారానికి వచ్చే 3,000ను ఈ 48తో భాగిస్తే గంటకు 62 రూపాయల చిల్లర. పేరుకు పార్ట్ టైం, కట్టిపడేసేది మాత్రం పూర్తి వారాన్ని. ఇంకొక ట్యూషన్ చెప్పుకోవడానికి గానీ, పోటీ పరీక్షకు చదువుకోవడానికి గానీ రోజులో ఒక్క ముక్క కూడా అతుకులు లేకుండా మిగలదు.

"ఆడవాళ్లకు బస్సు ఉచితమే కదమ్మా" అని కాలేజీ వారు అన్నారట. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదన్నది నిజమే. ఆ మేలు చేసింది ప్రభుత్వం. దాన్ని జీతం తగ్గించడానికి యాజమాన్యం తన ఖాతాలో వేసుకోవడం నాకు నచ్చలేదు. పైగా టికెట్ లేకపోయినా బస్సులో గడిచే గంట గంటే.

ఇటువంటి చోట చాలామంది "ఉపాధి హామీ కూలి కన్నా హీనం" అంటారు. ఆ పోలిక నాకు రెండు విధాలుగా ఇబ్బంది కలిగిస్తుంది. 2025-26లో తెలుగు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు, ఎనిమిది గంటల రోజుగా లెక్కిస్తే గంటకు నలభై లోపే. కాబట్టి మాట అంకెల్లోనే నిలబడదు. రెండోది, మట్టి తవ్వే మనిషికి తక్కువ రావడం సహజమని ముందే ఒప్పుకుంటేనే ఆ పోలికకు పదును వస్తుంది.

చట్టం ఏమంటుందో కూడా ఆమె అడిగింది. ప్రైవేటు ఉపాధ్యాయుల విషయంలో చట్టం చాలాకాలంగా ముఖం చాటేస్తూ వచ్చింది. ఉపాధ్యాయులు అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద 'వర్క్‌మెన్' కారని సుప్రీంకోర్టు 1988లో గోవాకు చెందిన ఒక కేసులో తేల్చింది. 1948 నాటి కనీస వేతనాల చట్టం వారికి వర్తించదని 1996లో హర్యానా పాఠశాలల కేసులో చెప్పింది. గ్రాట్యుటీ కూడా 2004లో లేదని తేలితే, పార్లమెంటు 2009లో చట్టం సవరించి 1997 నుంచి వర్తించేలా ఇచ్చింది. ఇటీవల 2025 ఆగస్టులో గుజరాత్ ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీల కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులో మాత్రం న్యాయస్థానం గట్టిగానే మాట్లాడింది. రెగ్యులర్ వారు లక్షకు పైగా తీసుకుంటుంటే అదే పని చేసేవారికి 30 వేలు ఇవ్వడమేమిటని ప్రశ్నిస్తూ, సభల్లో 'గురుర్బ్రహ్మ గురుర్విష్ణుః' అని చదివితే చాలదని వ్యాఖ్యానించింది. అయితే అది ప్రభుత్వ కాలేజీల్లో పూర్తి సమయం పనిచేసేవారి సంగతి. ప్రైవేటు కాలేజీలో పీరియడ్ల లెక్కన చేరే అమ్మాయి ఆ తీర్పును కరస్పాండెంట్ గారి బల్ల మీద పెడితే ఆయన నవ్వి ఊరుకుంటారు.

యాజమాన్యాల వైపు ఇబ్బంది లేదని కూడా నేను అనను. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాక తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బంద్ పాటించిన సంగతి అందరికీ తెలుసు. కానీ డబ్బు ఆలస్యంగా రావడం వేరు, ధర తక్కువగా కట్టడం వేరు. మొదటిది నిజమైతే జీతం ఏ తేదీకి ఇస్తారో నిజాయితీగా చెప్పి, ఆలస్యమైతే ఎలా సర్దుతారో రాసి ఇవ్వాలి. రెండోదానికి మొదటిదాన్ని సాకుగా చూపితే ఒప్పుకోనవసరం లేదు. "ఎక్స్‌పీరియన్స్ వస్తుంది కదా" అన్న మాట మరీ బలహీనమైనది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం, తాత్కాలికంగా పనిచేసిన కాలం తరువాతి ఉద్యోగంలో సర్వీసుగా లెక్కకు రావాలంటే, అప్పుడు తీసుకున్న మొత్తం జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ జీతానికి తగ్గకూడదన్నది ఒక షరతు. పీరియడ్‌కు 250 తీసుకుని సంపాదించిన సర్టిఫికెట్ ఆ గుమ్మం దాటదు.

ఈ లెక్కలన్నీ కాగితం మీద వేసుకుని ఆ అమ్మాయి మళ్లీ కాలేజీకి వెళ్లింది. మూడు అడిగింది: పీరియడ్‌కు 350, పీరియడ్లన్నీ మూడు రోజుల్లోకి సర్దడం, ఇంటర్నల్ పేపర్లు దిద్దినందుకు విడిగా ఇవ్వడం. నాలుగోదిగా, ఒరిజినల్ సర్టిఫికెట్లు వారి దగ్గర పెట్టనని ముందే చెప్పమన్నాను, చెప్పింది. వారు 300కు వచ్చారు, మూడు రోజుల టైం టేబుల్‌కు ఒప్పుకున్నారు, పేపర్ల సంగతి మాత్రం దాటవేశారు. ఇప్పుడు వారానికి ఖాళీ మూడు గంటలకు, బస్సు ఆరు గంటలకు తగ్గి, మొత్తం 33 గంటలకు 3,600 వస్తోంది, గంటకు 109. ధర కన్నా టైం టేబుల్ మారడం వల్లే ఎక్కువ లాభం జరిగిందన్నది గమనించదగ్గ విషయం, యాజమాన్యానికి అందులో ఖర్చు కూడా ఏమీ లేదు.

330కు తక్కువ కాబట్టి ఇది న్యాయమైన జీతమని నేను ఇప్పటికీ చెప్పలేను. అయితే వారంలో మూడు రోజులు పూర్తిగా ఆమె చేతిలో ఉన్నాయి, వాటిలో గ్రూప్స్‌కు చదువుకుంటానంటోంది కాబట్టి ఈ ఏడాదికి ఒప్పుకోదగినదే అన్నాను. పేపర్ల డబ్బు విషయం మొదటి ఇంటర్నల్స్ కట్ట చేతికి ఇచ్చిన రోజునే మళ్లీ ఎత్తమని, దిద్ది ఇచ్చాక అడిగితే ఎవరూ పట్టించుకోరని కూడా చెప్పాను.