నిమ్మ చిగుళ్లపై గొంగళిపురుగులు: నా అనుభవం

నిమ్మ మొక్క చిగురించిందంటే గొంగళిపురుగుల కాలం మొదలైనట్టే. ముదురు ఆకులను అవి మొదట్లో ముట్టుకోవు. లేత ఆకే కావాలి. మా పెరట్లో కాపుకొచ్చిన పెద్ద నిమ్మ చెట్టు ఒకటి, దాని పక్కన ఇంకా నిలదొక్కుకుంటున్న చిన్న మొక్కలు, ఒక దానిమ్మ పొద ఉన్నాయి. నా బాధంతా ఆ చిన్న మొక్కల గురించే. పెద్ద చెట్టు నాలుగు కొమ్మల ఆకు పోయినా తట్టుకుంటుంది. చిన్న మొక్కకు మాత్రం వచ్చిన చిగురంతా పోతే మళ్లీ చిగురు వేసేదాకా ఎదుగుదల ఉండదు.

మొదట ఆకు అంచున చిన్న కొరుకుడు కనిపించింది. తర్వాత ఆకుల్లో నడి ఈనెలు మాత్రమే మిగలడం మొదలైంది. అయినా పురుగు జాడ లేదు. ఆకు మీద పిట్ట రెట్ట పడినట్టు గోధుమ రంగులో, మధ్యలో తెల్లటి మచ్చతో ఏదో ఉంది. పుల్లతో కదిపితే అది తల ఎత్తింది! తల వెనక నుంచి నారింజ రంగులో రెండు పాయల కొమ్ములాంటిది బయటికి పొడుచుకొచ్చి, ఘాటైన వాసన వేసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. నిమ్మ సీతాకోకచిలుక పిల్లపురుగు అది. చిన్నప్పుడు రెట్టలా, చివరి దశలో ఆకుపచ్చగా ఆకులో కలిసిపోయి ఉంటుంది. రెండు వేషాలూ పక్షుల కంట పడకుండా ఉండటానికే. జీవితకాలంలో తినే తిండిలో ఎక్కువ భాగం ఈ ఆకుపచ్చ దశలోనే తింటుంది. నిన్న నిండుగా ఉన్న కొమ్మ తెల్లవారేసరికి బోసిపోవడానికి కారణం అదే.

అందుకే పురుగు కోసం కాక గుడ్ల కోసం వెతకడం నేర్చుకున్నాను. ఆ తర్వాతే పరిస్థితి నా చేతికి వచ్చింది. తల్లి సీతాకోకచిలుక నలుపు, పసుపు మచ్చల రెక్కలతో మొక్క చుట్టూ తిరుగుతుంది. లేత ఆకు మీద ఒక్క క్షణం వాలి, పొట్ట వంచి, ఒక్క గుడ్డు పెట్టి మరో ఆకు మీదికి వెళ్తుంది. గుడ్లు గుత్తులుగా ఉండవు. చిగురు కొసల్లో, ఆకుల రెండు వైపులా విడివిడిగా, గుండ్రంగా, లేత పసుపు రంగులో, సుమారు ఒక మిల్లీమీటరు ఉంటాయి. వెచ్చటి వాతావరణంలో కొద్ది రోజుల్లోనే పొదుగుతాయి. కాబట్టి చిగురు వేసే రోజుల్లో ఒకరోజు విడిచి ఒకరోజు ప్రతి కొసనూ తిప్పి చూస్తాను. గుడ్డును వేలితో తుడిచేస్తే సరిపోతుంది, ఆకుకు ఏమీ కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. కొన్ని గుడ్లు నల్లబడి, పొదగకుండా అలాగే ఉండిపోతాయి. ట్రైకోగ్రామా అనే కంటికి ఆనని కందిరీగ వాటిలో తన గుడ్లు పెట్టిందని దానర్థం. వాటిని నేను ముట్టుకోను. వాటిలోంచి వచ్చే కందిరీగలు మరిన్ని గుడ్లను పట్టుకుంటాయి. ఘాటు రసాయన మందుల జోలికి వెళ్లకపోవడానికి నాకున్న పెద్ద కారణం ఇదే. ఆ మందు పురుగుతో పాటు మన పక్షాన పనిచేసే జీవులను కూడా చంపేస్తుంది, ఆ తర్వాత వచ్చే పురుగులకు అడ్డే ఉండదు.

గుడ్డు దశలో తప్పించుకున్న చిన్న పురుగులను ఏరి సబ్బునీళ్లలో వేస్తాను. ఆకుపచ్చగా ఎదిగిన వాటిని చంపడానికి మాత్రం నాకు మనసొప్పదు. అవి ఉన్న రెమ్మతో సహా తుంచి పెద్ద నిమ్మ చెట్టు మీదికి చేరుస్తాను. ఆ వయసుకు అవి ముదురు ఆకు కూడా తింటాయి, చెట్టుకు ఆ నష్టం ఒక లెక్క కాదు.

వానలు పడ్డాక మొక్కలన్నీ ఒక్కసారిగా చిగురిస్తే చేత్తో ఏరడం సాగదు. అప్పుడు బి.టి. మందు వాడాను. ఇది బాసిల్లస్ తురింజెన్సిస్ అనే బ్యాక్టీరియాతో చేసింది. పురుగు ఒంటి మీద పడితే ఏమీ చేయదు, ఆకుతో పాటు కడుపులోకి వెళ్లాలి. అక్కడ పేగు గోడను దెబ్బతీస్తుంది. పురుగు కొన్ని గంటల్లోనే తినడం మానేస్తుంది, చావడానికి రెండు మూడు రోజులు పట్టవచ్చు. కొమ్మ మీద ఇంకా కనిపిస్తోందని వెంటనే మళ్లీ కొట్టనవసరం లేదు. ఎండకు దీని బలం తగ్గుతుంది కాబట్టి సాయంత్రం, ఆకుల అడుగు భాగం కూడా తడిసేలా పిచికారీ చేయాలి. చిన్న పురుగుల మీద బాగా పనిచేస్తుంది, పెద్దవాటి మీద అంతగా కాదు. వేపగింజల కషాయం కూడా వాడాను: లీటరు నీటికి 50 గ్రాముల గింజల పొడి రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కాస్త సబ్బునీరు కలపడం. ఇది పురుగుకు తిండి మీద విముఖత కలిగిస్తుంది, ఎదుగుదలను ఆపుతుంది. నాకు రెండింటిలో బి.టి.యే మేలనిపించింది.

అయితే బి.టి. కొట్టేముందు పురుగు కాళ్లు చూడాలి. ఈ మాట గులాబీ పొద దగ్గర తెలిసింది. దాని ఆకులు తింటున్నవి అచ్చం గొంగళిపురుగుల్లానే ఉన్నాయి, కాని అవి రంపపు ఈగ పిల్లలు. కందిరీగలు, తేనెటీగల బంధువర్గం. గొంగళిపురుగుకు ముందు 3 జతల అసలు కాళ్లు, కొంత ఖాళీ తర్వాత మహా అయితే 5 జతల పొట్టకాళ్లు ఉంటాయి. రంపపు ఈగ పిల్లకు పొట్టకాళ్లు 6 జతలో అంతకన్నా ఎక్కువో ఉంటాయి. గొంగళిపురుగుల కోసం అమ్మే బి.టి. వీటి మీద పనిచేయదు. ఏరివేయడం, సబ్బునీటిని నేరుగా పురుగు మీద పడేలా కొట్టడమే దారి.

దానిమ్మది పూర్తిగా వేరే కథ. అక్కడ పురుగు ఆకు తినదు, కాయలోకి వెళ్లిపోతుంది. ఇది వేరే రకం, దానిమ్మ సీతాకోకచిలుక. అది పూల మీద, పిందెల మీద ఒక్కో గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు కాయను తొలిచి లోపలి గింజలు తింటుంది. రంధ్రం దగ్గర విసర్జన, కుళ్లు వాసన బయటపడేసరికి కాయ చేజారిపోయి ఉంటుంది. లోపలున్న పురుగుకు ఏ పిచికారీ తగలదు. తొలిచిన కాయలను, రాలినవాటితో సహా వెంటనే ఏరి, పురుగు బయటికి రాకుండా నాశనం చేయాలి. మిగిలిన పిందెలు నిమ్మకాయంత కాగానే పలుచటి గుడ్డ సంచులు తొడిగాను. తొడిగేముందు ప్రతి పిందెనూ తిప్పి, ముచ్చిక దగ్గరా కిరీటం సందుల్లోనూ గుడ్డు లేదని చూసుకోవాలి, లేకపోతే పురుగును సంచిలో పెట్టి కాపాడినట్టవుతుంది. కాయ పెరగడానికి చోటుండేలా సంచి వదులుగా ఉండాలి, మూతి మాత్రం తొడిమ దగ్గర సందు లేకుండా కట్టాలి. వాటిని కాయ కోసేటప్పుడే విప్పుతాను.