నొప్పి పోయాక మొదలైన పని

సర్జరీ అయిన మూడో నెల దాటేసరికి నా ఎడమ మోకాలు నొప్పి పెట్టడం దాదాపు మానేసింది. కుంటు పోయింది, మెట్లు ఎక్కడం దిగడం వచ్చేసింది, సాయంత్రాలు తప్ప వాపు కూడా కనపడేది కాదు. చూసినవాళ్లంతా "తగ్గిపోయిందిగా, ఇంకేం, ఆడొచ్చుగా" అనేవాళ్లు. నాకూ అలాగే అనిపించేది. ఏసీఎల్, అంటే మోకాలి లోపల ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్ (గట్టి పట్టీ లాంటిది), తెగి ఆపరేషన్ అయినవాళ్లు తమ అనుభవం చెప్పేటప్పుడు పడిపోయిన క్షణం చెబుతారు, ఆపరేషన్ గురించి చెబుతారు, మళ్లీ ఆడిన రోజు గురించి చెబుతారు. నడుమ ఉన్న ఈ నొప్పి లేని నెలల ఊసు పెద్దగా ఎత్తరు. నేను రాయాలనుకున్నది ముఖ్యంగా వాటి గురించే.

దెబ్బ సంగతి త్వరగా చెప్పేస్తాను. నేను షటిల్ డబుల్స్ ఆడతాను, కుడిచేతి వాటం. బ్యాక్‌హ్యాండ్ వైపు వెనక మూలకి వెళ్లిన షటిల్‌ని తల మీదుగా కొట్టడానికి వెనక్కి ఎగిరి, ఎడమ కాలి మీద ఒక్కదాని మీదే దిగాను. ఎవరూ తగల్లేదు, నేల తడిగా కూడా లేదు. మోకాలు లోపలికి ఒరిగింది, లోపల ఏదో టప్పున తెగినట్టయింది. షటిల్ ఆటలో చాలామందికి ఏసీఎల్ ఇలాగే తెగుతుందని తర్వాత తెలిసింది. రాకెట్ పట్టిన చేతికి ఎదురువైపు కాలు, వెనక మూల, ఒంటికాలి మీద దిగడం. కొన్ని గంటల్లోనే మోకాలి చిప్ప కనపడనంతగా ఉబ్బింది. అంత తొందరగా ఉబ్బిందంటే లోపల రక్తం చేరిందని అనుమానించాలన్నారు డాక్టర్. పడుకోబెట్టి, ఒక చేత్తో తొడ పట్టుకుని, రెండో చేత్తో కింది కాలిని ముందుకి లాగి చూశారు. కుడి కాలు కొంచెం కదిలి ఠక్కున ఆగింది. ఎడమది ఆగే చోటు దొరకనట్టు జారింది. ఆయన ముఖం చూస్తేనే నాకు విషయం అర్థమైపోయింది. ఎంఆర్ఐలో ఏసీఎల్ పూర్తిగా తెగినట్టూ, మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ కూడా చిరిగినట్టూ వచ్చింది.

తొడ ఎముకనీ కింది కాలి ఎముకనీ మోకాలి నడిమధ్యలో కలిపి ఉంచే లిగమెంటే ఏసీఎల్. కింది ఎముక ముందుకి జారిపోకుండా, మెలి తిరిగినప్పుడు అదుపు తప్పకుండా చూసుకుంటుంది. తిన్నగా నడిచేవాళ్లలో, సైకిల్ తొక్కేవాళ్లలో కొందరికి అది లేకపోయినా గడిచిపోతుంది. కండలు బలంగా పెంచుకుని ఆపరేషన్ లేకుండానే నెట్టుకొచ్చేవాళ్లు ఉన్నారు, అది తప్పుదారేమీ కాదు. నాకు మాత్రం పక్కకి తిరిగితే చాలు, మోకాలు పట్టు వదిలేసేది. మెనిస్కస్ కూడా చిరిగి ఉంది. పైగా నాకు ఆడాలని ఉంది. అందుకే సర్జరీకి ఒప్పుకున్నాను.

వెంటనే చేసేస్తారనుకున్నాను. చేయలేదు. వాపు తగ్గి, కాలు పూర్తిగా చాపగలిగేదాకా ఆగమన్నారు. ఉబ్బి బిగుసుకున్న మోకాలికి ఆపరేషన్ చేస్తే ఆ తర్వాత అది అలాగే బిగిసిపోయే ప్రమాదం ఎక్కువట. కాబట్టి ఫిజియో గారితో నా పరిచయం సర్జరీకి ముందే మొదలైంది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ వారాలు వృథా పోలేదు, తర్వాత పడబోయే కష్టానికి అదే రిహార్సల్ అయింది.

ఆపరేషన్ గురించి నాకు గుర్తున్నది తక్కువ. తొడ వెనక కండరాల నుంచి టెండన్లు (కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే తాళ్ల లాంటివి) తీసి, మడిచి, ఎముకల్లో చేసిన సన్నటి దారుల గుండా పోనిచ్చి కొత్త లిగమెంట్‌గా బిగించారు. మెనిస్కస్‌ని కత్తిరించకుండా కుట్టారు. కుట్టడం మంచిదే, కానీ అది అతికేదాకా బ్రేస్ వేసుకుని, మోకాలు 90 డిగ్రీలకి మించి వంచకుండా, కర్రల సాయంతో నడవాలి.

ఆ మొదటి వారాల్లో నన్ను ఎక్కువ కలవరపెట్టింది నొప్పి కన్నా తొడ. మంచం మీద కాలు చాపి, "బిగించు" అని తొడకి చెబుతున్నాను. ఏమీ జరగడం లేదు. కుడి తొడ చెప్పగానే బిగుస్తోంది, ఎడమది ఎవరిదో పరాయి కాలిలా పడి ఉంది. నరం ఏదో తెగిపోయిందేమోనని నాకు ఒకటే టెన్షన్. కీలు లోపల వాపు ఉన్నంత కాలం శరీరం తొడ ముందు కండరానికి ఆజ్ఞలు తగ్గించేస్తుందని ఫిజియో గారు చెప్పారు. కండరం బాగానే ఉంటుంది, దానికి సంకేతం సరిగ్గా అందదు. తొడ మీద ప్యాడ్లు అంటించి చిన్న కరెంటు ఇస్తూ, దాంతో పాటు నన్నూ బిగించమనేవారు. మోకాలి చిప్ప పైకి కొద్దిగా జరిగిన రోజు ఆవిడ నాకన్నా ఎక్కువ సంతోషపడ్డారు.

ఇంకొకటి, దిండు. మోకాలి కింద దిండు పెట్టుకుంటే ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. అదే వద్దన్నారు. దిండు మడమ కింద పెట్టి, మోకాలు గాల్లో వేలాడుతూ తనంతట తాను చాపుకునేలా ఉంచాలి. "వంగడం మెల్లగా వస్తుందండీ, కంగారు లేదు. చాపడం మాత్రం ఇప్పుడు రాకపోతే తర్వాత చాలా కష్టపడాలి" అనేవారు. పూర్తిగా చాపుకోని కాలితో నడక సరికాదు. నడక సరికాకపోతే తొడ పెరగదు. ఎవరికైనా నేను ఒక్క సలహా ఇవ్వాల్సి వస్తే ఆ దిండు గురించే చెబుతాను.

ఇక నొప్పి లేని నెలల దగ్గరికి వస్తాను.

శరీరం నుంచి తీసి పెట్టిన టెండన్‌కి మొదట్లో రక్త సరఫరా ఉండదు. ఒక రకంగా అది ప్రాణం లేని తాడు. నెమ్మదిగా దానిలోకి రక్తనాళాలు పెరుగుతాయి, కొత్త కణాలు వస్తాయి, పాత పోగుల్ని తీసేస్తూ కొత్తవి అల్లుతాయి. పాత గోడ కూలుస్తూనే కొత్త గోడ లేపుతున్నట్టు, మధ్యలో కొంత కాలం రెండూ సగం సగమే. ఆ కాలంలో గ్రాఫ్ట్ (అలా తీసి పెట్టిన టెండన్) బలం, పెట్టిన రోజున్న దాని కన్నా తగ్గుతుంది. అది సుమారుగా రెండో, మూడో నెలల్లో. ఆ తర్వాత పుంజుకోవడానికి ఏడాది, కొందరికి అంతకంటే ఎక్కువే పడుతుంది. అంటే మోకాలు "నాకేం లేదు, పద" అంటున్న రోజులూ, లోపలి తాడు బాగా బలహీనంగా ఉన్న రోజులూ దాదాపు ఒకటే. నొప్పికి ఈ సంగతి తెలియదు. తగ్గిందా లేదా అని నొప్పిని అడిగి నిర్ణయించుకోవడం చిన్నప్పటి నుంచి అలవాటైన మనకి, ఇది మింగుడు పడడం కష్టం.

నా డబుల్స్ పార్ట్‌నర్ నాకన్నా చాలా చిన్నది. రోజూ ఫోన్. "అక్కా, ఎప్పుడొస్తావ్? ఊరికే నెట్ దగ్గర నిలబడు చాలు, వెనకంతా నేను చూసుకుంటా." ఎంత ఆశ పుట్టిందో! కానీ నెట్ దగ్గర ఊరికే నిలబడటం అనేది ఉండదు. షటిల్ గాల్లో ఉంటే కాళ్లు మన అనుమతి అడగవు. నేను కోర్టు వైపు వెళ్లడమే మానేశాను. అది క్రమశిక్షణ అని ఎవరైనా మెచ్చుకుంటే నాకు నవ్వొచ్చేది. భయం, అంతే.

ఓ రోజు నా పార్ట్‌నర్, స్పెయిన్ బ్యాడ్మింటన్ క్రీడాకారిణి కరోలినా మారిన్ గురించిన వీడియో ఒకటి పంపింది. 2019 జనవరిలో ఇండోనేషియాలో ఫైనల్ ఆడుతూ మారిన్‌కి కుడి మోకాలి ఏసీఎల్ తెగింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో తిరిగొచ్చి చైనా ఓపెన్ గెలిచింది. "చూశావా, ఎనిమిది నెలలు కూడా కాలేదు!" చూశాను. ఆ తర్వాతది కూడా చూశాను. 2021లో రెండో మోకాలు, ఎడమది, తెగి టోక్యో ఒలింపిక్స్‌కి వెళ్లలేకపోయింది. 2024 పారిస్‌లో సెమీఫైనల్‌లో ముందంజలో ఉండగా మళ్లీ కుడి మోకాలు దెబ్బతిని ఏడుస్తూ కోర్టు వదిలింది. ఇందులో ఏది దేనివల్ల జరిగిందో చెప్పడానికి నేనెవర్ని? ఆమె చుట్టూ ఉన్నంత మంది నిపుణులు నా చుట్టూ లేరు, నన్ను తొందరపెట్టే ఒలింపిక్స్ కూడా లేదు. కాబట్టి ఆ తొందర నాకు అక్కర్లేదనిపించింది.

ఫిజియో గారు చెప్పిన లెక్క ఇంకొకటి ఉంది. 2016లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, సర్జరీ తర్వాత తొమ్మిదో నెల వరకు ఆటకి తిరిగి వెళ్లడం ఆలస్యం చేసిన ఒక్కో నెలకీ మళ్లీ మోకాలి దెబ్బ తగిలే అవకాశం దాదాపు సగానికి తగ్గిందట. తొమ్మిది నెలలు అన్న మాట అప్పటి నుంచి అందరి నోటా వినిపిస్తోంది. అయితే నాకు నచ్చనిది, ఆ తొమ్మిదిని డెలివరీ డేట్‌లా చూడడం. క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని, ఆ రోజు రాగానే రాకెట్ తీసుకుని పరిగెత్తేవాళ్లని చూశాను. తొమ్మిది నిండినంత మాత్రాన కాలికి బలం రాదు.

అందుకే పరీక్షలు. ఒంటికాలి మీద గెంతి ఎంత దూరం వెళ్లామో కొలుస్తారు. వరసగా మూడు గెంతులు, గీతకి అటూ ఇటూ దాటుతూ గెంతులు, ఆరు మీటర్లు గెంతుతూ ఎంత సేపట్లో వెళ్లామన్నది. మంచి కాలు సాధించిన దానిలో కనీసం 90 శాతం రావాలంటారు. గెంతుల్లో నేను తేలిగ్గా పాసయ్యాను. పాసైనందుకు సంతోషిస్తుంటే ఫిజియో గారు వీడియో చూపించారు. దూరమంతా తుంటితో, చీలమండతో లాగేస్తున్నాను, మోకాలు దాదాపు వంగకుండానే దిగుతున్నాను. మిషన్ మీద తొడ బలం కొలిస్తే ఎనభై శాతం దగ్గరే ఆగింది. పైగా నెలల తరబడి ఆట లేక కుడి కాలు కూడా నీరసపడింది. నీరసపడిన కాలితో పోల్చుకుని 90 వచ్చిందని మురిసిపోతే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. ఈ మాట పరీక్ష పెట్టే అందరూ చెప్పరు.

దాంతో ఇంకొన్ని నెలలు జిమ్. ఒంటికాలి లెగ్ ప్రెస్, మెట్టు మీద నుంచి ఒంటికాలితో నెమ్మదిగా దిగడం, తొడ వెనక కండరాలకి, పిక్కలకి విడిగా పని. విసుగు గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒకే మెట్టు, ఒకే కాలు, ఒకే అద్దం. టేపుతో తొడ చుట్టుకొలత కొలుచుకోవడం నాకో వ్యసనమైంది, అది కదలని వారాల్లో ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేదాన్ని కాదు.

బలం వచ్చింది. భయం పోలేదు. మానసికంగా సిద్ధమో కాదో చూసే 12 ప్రశ్నల పత్రం ఒకటి ఉంది. "మోకాలి గురించి ఆందోళన లేకుండా ఆడగలనన్న నమ్మకం ఉందా" లాంటివి. నా మార్కులు చూసి నాకే సిగ్గేసింది. అయితే సర్జరీ తర్వాత ఆటలకి తిరిగొచ్చేవాళ్ల మీద జరిగిన పరిశోధనల్ని కలిపి చూస్తే, ఏదో ఒక ఆట ఆడేవాళ్లు 81 శాతం, దెబ్బకి ముందు స్థాయికి చేరినవాళ్లు 65 శాతమే. అలా చేరనివాళ్లలో, మోకాలు బాగున్నా భయం వల్ల ఆగిపోయేవాళ్లు ఉన్నారని తెలిశాక, నేనొక్కదాన్నే పిరికిదాన్ని అన్న బాధ తగ్గింది.

ఫిజియో గారు భయాన్ని కూడా కండరంలాగే లెక్కేశారు. ధైర్యం చెప్పే మాటలు ఒక్కటీ లేవు. నాకు భయమున్నది ఒక్క కదలిక మీదే, వెనక మూల, ఎడమ కాలి మీద దిగడం. దాన్ని ముక్కలు చేశారు. ముందు రాకెట్ లేకుండా, ఎగరకుండా, ఆ మూలకి అడుగులు. తర్వాత చిన్న గెంతు, రెండు కాళ్ల మీద దిగడం. తర్వాత ఒంటికాలు. తర్వాత చేతిలో రాకెట్, ఎక్కడ పడుతుందో ముందే చెప్పి వేసిన షటిల్. ఆ తర్వాత చెప్పకుండా వేసింది. చివరికి, బాగా అలిసిపోయాక అదే. చెప్పకుండా వేసినప్పుడు మొదట నేను ఆ మూల షటిల్‌ని వదిలేసేదాన్ని, వదిలేస్తున్నానని నాకే తెలిసేది కాదు. ఆవిడ ఏమీ అనకుండా మళ్లీ అక్కడికే వేసేవారు. ఒకసారి అటు షటిల్ వెళ్లడం, నేను కొట్టేయడం, దిగడం అన్నీ అయిపోయాక గాని మోకాలు గుర్తు రాలేదు. ఆ సాయంత్రం ఫోన్ నేనే చేశాను.

"వస్తున్నా. కానీ పాయింట్లు లెక్కపెట్టకుండా ఆడదాం."

"సరే అక్కా, నువ్వు ఓడిపోతే నేనూ లెక్కపెట్టనులే" అంది.

పాయింట్లు లేని ఆటలు కొన్ని వారాలు, తర్వాత తెలిసినవాళ్లతో మ్యాచ్‌లు, ఆ తర్వాత ఎవరితోనైనా. ఇప్పుడు పూర్తిగా ఆడుతున్నాను. వెనక మూలలో వెనకటి ఎత్తుకి ఎగరను, ఆ షాట్‌ని కొంచెం ముందుగా కదిలి రెండు కాళ్ల మీద నిలబడి కొట్టే ప్రయత్నం చేస్తాను. కొన్ని పాయింట్లు దానివల్ల పోతాయి, పోనీ. జిమ్ మాత్రం మానలేదు. ఒకసారి ఏసీఎల్ తెగినవాళ్లకి రెండో దెబ్బ అదే మోకాలికి తగలాలని లేదు, అవతలి కాలి మోకాలికి తగిలే ప్రమాదం కూడా తక్కువేమీ కాదు. అందుకని ఆ పాత మెట్టు దిగే కసరత్తు ఇప్పుడు రెండు కాళ్లతోనూ చేస్తున్నాను. మొన్న పార్ట్‌నర్‌ని కూడా చేయించాను. నాలుగోసారికే మోకాలు లోపలికి ఒరుగుతోంది, దెబ్బ తగలని మోకాలే. "ఇది ఇంత కష్టమా అక్కా?" అంది. వారానికి రెండుసార్లు నాతో పాటు రమ్మన్నాను. వస్తోంది, సణుగుతూనే.