జీరంగి రెక్కల గౌను

లండన్ నుంచి యాష్‌ఫర్డ్‌కు రైలు టికెట్టు కొన్న డబ్బుతో మన దగ్గర ఇంటిల్లిపాదీ ఏసీ బోగీలో విజయవాడ వెళ్లి రావచ్చు. అక్కడి నుంచి బస్సులో టెంటర్డెన్ చేరేసరికి, స్మాల్‌హైద్ వైపు వెళ్లే బస్సుకు ఇంకా చాలా సమయం ఉందని తెలిసింది. విసుగు పుట్టి, కాలిబాట కూడా లేని ఆ రోడ్డు మీద, గొర్రెలు మేస్తున్న పొలాల పక్కగా రెండు మైళ్లు నడిచాను.

ఇంగ్లండు రంగస్థల నటి ఎలెన్ టెర్రీ 1899లో కొనుక్కున్న, ఆమె 1928లో కన్నుమూసిన ఇల్లు స్మాల్‌హైద్‌లోనే ఉంది. పదహారో శతాబ్దం నాటి ఆ కర్ర ఇంట్లో నన్ను నిలబెట్టేసింది 1888లో షేక్స్పియర్ ‘మాక్బెత్’ నాటకంలో ఆమె లేడీ మాక్బెత్ వేషానికి కట్టిన గౌను. అద్దాల అరలో, మసక వెలుతురులో ఉన్నా, ఆకుపచ్చని అల్లికంతా నీలి ఛాయతో మెరుస్తోంది. ఆ మెరుపు జీరంగి రెక్కలది! అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి మేము పెంచుకున్న జీరంగుల జాతి పురుగుల రెక్కలను, దాదాపు వెయ్యింటిని, ఒక్కొక్కటిగా కుట్టారు. రెక్కలతో ఇలా కుట్టడం మన దేశంలో ఎప్పటినుంచో ఉన్న పనితనమే. చిరిగి వన్నె తగ్గిన ఈ గౌనును ఇటీవలి కాలంలో బాగుచేయడానికి వెయ్యి గంటలకు పైగా పట్టింది.

అక్కడ నిలబడి ఉండగా నాకు నిజంగా బాధ కలిగింది. తొమ్మిదేళ్ల వయసులో, 1856లో, రంగస్థలమెక్కి, 1878 నుంచి నటుడు హెన్రీ ఇర్వింగ్ సరసన లండన్‌లోని లైసియం థియేటరును ఇరవై ఏళ్లకు పైగా ఏలిన మనిషి నటనను మనం చూడగలిగేది ఎంత? ఇర్వింగ్ 1905లో బ్రాడ్‌ఫర్డ్‌లో నాటకం ముగించుకుని, వేషం తీసిన కాసేపటికే మరణించాడు. కథాచిత్రాల కాలం ఆయనకు అందనే లేదు. టెర్రీ 1911లో షేక్స్పియర్ సంభాషణలను గ్రామఫోను రికార్డులకు చదివింది గానీ, తొలి సినిమాలో నటించినది 1916లో, దాదాపు డెబ్బై ఏళ్ల వయసులో, అదీ మూగ సినిమాలో. గొంతు ఒక చోట, రూపం మరో చోట మిగిలాయి. ఆ లేడీ మాక్బెత్ వేషానికి సాక్ష్యంగా చిత్రకారుడు సార్జెంట్ వేసిన చిత్రపటం, ఈ గౌను ఉన్నాయి.

మన బళ్లారి రాఘవ గుర్తుకొచ్చారు. 1920ల చివర్లో ఆయన ఇంగ్లండు వచ్చి ఇక్కడి రంగస్థలాన్ని స్వయంగా చూసి వెళ్లారు. ఆయన కూడా వెండితెర మీదికి వయసు మీరాకే వచ్చారు. ‘రైతుబిడ్డ’ నాటికి అరవైకి దగ్గర పడ్డారు. వేదిక మీద ఆయన నటనను చూసినవారు చెప్పగా విన్నవే మనకు మిగిలాయి. ఆయన కట్టిన ఒక్క వేషాన్నయినా ఇంత దగ్గరగా నిలబడి చూడాలని నా మనసు ఎంతగానో కోరుకుంది.

ఇక్కడ ఆ భాగ్యం దక్కింది కూతురి వల్ల. నాటక దర్శకురాలైన ఎడిత్ క్రేగ్, తల్లి పోయిన మరుసటి ఏడాదే, 1929లో, ఇంటి పక్కనున్న పాత కొట్టాన్ని నాటకశాలగా మార్చి, ఏటా జూలైలో వర్ధంతి ప్రదర్శనలు ఏర్పాటు చేసింది. 1939లో ఇంటిని, పాత కట్టడాలను కాపాడే సంస్థ అయిన నేషనల్ ట్రస్టుకు అప్పగించింది. వెళ్లదలచినవారు కొట్టంలో ప్రదర్శన ఉన్న రోజును చూసుకుని వెళ్లండి, బస్సు వేళలు ముందే కనుక్కోండి.